స్వరమునకు కర్త లేడా?

సాహిత్యాభిమాని నొకని నడిగి చూడుడు. “మల్లీశ్వరి” (1951) పాటలు వ్రాసినదెవరనిన కృష్ణశాస్త్రి యనును. పాడినదెవరనిన భానుమతి, ఘంటసాల యనును. స్వరపరచినదెవరనిన సాలూరు రాజేశ్వరరావని పేరు మాత్రము చెప్పును. ఆయన చేసినదేమనిన నీళ్లు నమలును. మాటకు విమర్శ గలదు, గొంతునకు మెప్పు గలదు; స్వరరచనకు రెండును లేవు. ఇది అన్యాయము.

సాలూరు చెంత శివరామపురమున 1922లో జనించి, తండ్రి సన్యాసిరాజు వద్ద తొలిపాఠములు నేర్చి, బాల్యముననే గ్రామఫోను రికార్డులకు పాడి, కలకత్తా వెళ్లి న్యూ థియేటర్సు సంగీతమును దగ్గరనుండి వినివచ్చిన వాడాయన. రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడిన లలితగీతములు పెద్ద సభకు గాక యింటిగదికి తగినవి. మైక్రోఫోను ముందు గొంతు చించుకొన నక్కరలేదని, మెల్లని పలుకును గానమగునని అవి చాటినవి. “చంద్రలేఖ” (1948) భేరీనృత్యమున మహావాద్యబృందమును నడపిన చేయియు నదియే.

మాటను, స్వరమును రెండింటిని రచించువాడే వాగ్గేయకారుడు గదా యని పండితు లందురు. నిజమే. కాని యా లక్షణము చెప్పిన సంగీతరత్నాకరమునే మరి రెండు పంక్తులు చదువుడు. స్వరమున దిట్టయై మాటలో మందుడైన వానిని శార్ఙ్గదేవుడు మధ్యము డనెను. చక్కని మాట కూర్చియు స్వరమున మందుడైన వానిని అధము డనెను. శాస్త్రము స్వరమున కిచ్చిన పెద్దపీటను మనమేల లాగివేయవలెను?

పరదేశవాద్యముల కలగూరగంప యని మరికొందరి యాక్షేపము. వయొలిను ఏ దేశమున పుట్టినది? ద్వారం వేంకటస్వామినాయుడు (1893–1964) దానిని విజయనగరపు సొత్తు చేయలేదా? హాలండు దేశీయుడు హెంక్ బాడింగ్స్ (1907–1987) గదిలో నలుగురు వాయించు సంగీతమును వ్రాసెను. 1956లో ఫిలిప్స్ ప్రయోగశాలలో విద్యుద్ధ్వనులతో నృత్యనాటకమునకు సంగీతము కూర్చెను. వానిలో పాట లేదు. అయినను ఆయనను స్వరకర్త యనియే లెక్కింతురు.

రాజేశ్వరరావు 1999లో కన్నుమూసెను. ఆయన యెదుట వాయించినవారు ఏటేట తరుగుచున్నారు. వారుండగనే ఆ పాటలను, నడుమనున్న వాద్యభాగములతో సహా, స్వరలిపిలో వ్రాయించి అచ్చొత్తింపవలెను. 1919లో వెలసిన విజయనగర సంగీత కళాశాలలో పాఠముగ చెప్పింపవలెను. విగ్రహమునకు పూలదండ వేయుట సులభము. విగ్రహము పాడదు.