వశము తప్పిన నాలుక

“నోరు మంచిదైతే ఊరు మంచిది” అని మన పెద్దలు చెప్పుదురు. మాట మనస్సునకు అద్దమనియు, నోట వచ్చిన ప్రతి పలుకునకు పలికినవాడే బాధ్యుడనియు మనమందరము నమ్ముదుము. సామాన్యముగా ఈ నమ్మకము సరియైనదే. కాని తమ నాలుకయే తమ యాజ్ఞను మీరి పలుకగా, దానిని ఆపలేక బాధపడువారు కొందరు లోకమున ఉన్నారు. అట్టివారియెడ మనమెట్లు ప్రవర్తింపవలెను? ఇది విద్యార్థులు శ్రద్ధతో ఆలోచింపదగిన ప్రశ్న.

1825లో ఇటార్ అను ఫ్రెంచి వైద్యుడు గొప్ప వంశమునకు చెందిన ఒక స్త్రీని గూర్చి వ్రాసెను. ఆమెకు ఏడవ యేటనే చేతులు తమంత తామే కదలుట ప్రారంభమైనది. తరువాత అకారణమైన కేకలును, అటుపిమ్మట సభలో ఉచ్చరింపరాని మాటలును ఆమె నోట వెలువడసాగెను. 1885లో పారిస్ నగరమునందు జార్జి జిల్ ద లా టూరెట్ అను యువవైద్యుడు ఈమెను, మరి 8 మంది రోగులను గూర్చి వివరించుచు, ఇది ఒక ప్రత్యేక వ్యాధియని ప్రకటించెను. అప్పటినుండి ఆ వ్యాధికి టూరెట్ పేరే స్థిరపడినది.

ఈ వ్యాధి బాల్యముననే పొడసూపును. రెప్పలు ఆడించుట, మెడ విదల్చుట, భుజములు ఎగురవేయుట, మాటిమాటికి గొంతు సవరించుట మొదలగునవి దీని లక్షణములు. వీనిని టిక్కులందురు. మెదడునందు కదలికలను అదుపుచేయు భాగముల పనిలోని తేడాయే దీనికి మూలము గాని, పెంపకములోని లోపము కాదు. తుమ్మునకు ముందు ముక్కులో పుట్టెడి ఒత్తిడివంటిదే టిక్కునకు ముందును పుట్టును. రోగి కొంతసేపు దానిని ఆపగలడు. కాని ఆపినకొలది ఒత్తిడి పెరుగును. అసభ్యపు మాటలు రోగులందరికిని రావు. నూటికి సుమారు 10 మొదలు 15 మందికి మాత్రమే ఆ దురవస్థ కలుగును.

“మనసులో లేనిది నోట వచ్చునా?” అని కొందరు ప్రశ్నింతురు. నవ్వరాదనుకొన్న చోటనే నవ్వు ముంచుకొనివచ్చుట మనమెరుగనిది కాదు. టూరెట్ రోగి నాలుకయు అట్లే పలుకరాని మాటవైపునకే పరుగెత్తును. ఆ ఫ్రెంచి స్త్రీ ఏ మాటకు భయపడెడిదో, ఆ భయమే ఆ మాటను ఆమె నాలుక చివరకు తెచ్చుచుండెనని ఇటార్ నాడే గుర్తించెను. ఒక చెడ్డమాటను ఎరిగియుండుట వేరు. దానిని ఉద్దేశించి పలుకుట వేరు. ఆ మాటలు మనమందరమును ఎరిగినవే. వానిని ఆపు శక్తి మనకు ఉన్నది, రోగికి లేదు. భేదము అంతమాత్రమే.

స్కాట్లండు దేశస్థుడగు జాన్ డేవిడ్‌సన్ ఈ వ్యాధితోనే పెరిగినవాడు. 1989లో బి.బి.సి. అతని జీవితమును గూర్చి ఒక చిత్రమును ప్రసారము చేసెను. ఈ వ్యాధిని ప్రజలకు తెలియజెప్పుటకై అతడు చేసిన సేవకు 2019లో ఎం.బి.ఇ. బిరుదు లభించెను. అతని కథ ఆధారముగా తీసిన ‘ఐ స్వేర్’ అను చలనచిత్రము 2025లో వెలువడెను. 2026 ఫిబ్రవరిలో లండనునందు జరిగిన బాఫ్టా బహుమతుల సభకు అతడు హాజరయ్యెను. మైకేల్ బి. జోర్డన్, డెల్రాయ్ లిండో అను ఇద్దరు నల్లజాతి నటులు వేదికపై నిలిచియుండగా, తరతరములుగా నల్లవారిని అవమానించుచు వచ్చిన ఒక దూషణపదము అతని నోట బిగ్గరగా వెలువడెను. సభ ముగియకముందే అతడు లేచి వెడలిపోయెను. ఆ కార్యక్రమము కొంత వ్యవధి తరువాతనే ప్రసారమైనను, బి.బి.సి. ఆ మాటను తొలగింపలేదు. అందులకు పిమ్మట క్షమాపణ చెప్పుకొనెను.

అప్పుడు కొందరు డేవిడ్‌సనును జాతిద్వేషియని నిందించిరి. మరికొందరు, రోగి మాటకు నొచ్చుకొనుటయే తప్పనిరి. ఈ రెండును న్యాయము కావు. ఎవరును గ్రుచ్చకున్నను, పాదమున దిగిన ముల్లు నొప్పి పెట్టకమానదు. ఉద్దేశము లేనందున రోగి నిర్దోషి. గాయము నిజమైనందున విన్నవాడు ఓదార్పునకు అర్హుడు. ఒకరిపై జాలిపడుటకు మరియొకరిని తప్పుపట్టనక్కరలేదు. తప్పెన్నవలసివచ్చినచో, వ్యవధి యుండియు ఆ మాటను లక్షలమంది చెవులకు చేరవేసినవారిదే తప్పు. వారి చేతులు వారి వశములోనే ఉన్నవి గదా! బుద్ధిపూర్వకముగా తిట్టి, వ్యాధి పేరు చెప్పి తప్పించుకొనజూచువారికి సయితము ఈ మన్నన చెల్లదు.

ఇట్టి బాలుడు రేపు మన తరగతిలోనే కూర్చుండవచ్చును. అతనిని గుడ్లప్పగించి చూడరాదు, అనుకరించి నవ్వరాదు, సెల్‌ఫోనుతో చిత్రము తీసి పదిమందికి పంపరాదు. “కొంచెము ఆపుకొనరాదా?” యని గద్దింపరాదు, ఆ గద్దింపు అతని ఒత్తిడిని హెచ్చించునే గాని తగ్గింపదు. టిక్కు వచ్చినపుడు దానిని దాటి సంభాషణను సాగించుటయే మేలు. ఆ మాట మరియొక విద్యార్థిని నొప్పించినచో, అతని ప్రక్కను కూడ కూర్చుండి ధైర్యము చెప్పవలెను. తన నాలుకను నిలుపలేనివాని నుండి మనము నిగ్రహమును కోరుచున్నాము. మన నవ్వును, మన చూపును, మన మాటను నిలుపగల మనము ముందుగా ఆ నిగ్రహమును చూపుట ధర్మము.