తరంగంబాడికి ఒక్కసారి వెళ్ళి రండి

సెలవులకి పిల్లల్ని సముద్రం చూపించాలంటే మన ఇళ్ళల్లో గోవా పేరే ముందు వస్తుంది. ఈసారి తరంగంబాడి వెళ్ళండి అంటాం మేము.

అక్కడ ఒడ్డుమీదే డేన్స్‌బోర్గ్ కోట. 1620లో డెన్మార్క్ వాళ్ళు కట్టడం మొదలుపెట్టారు, 1845లో ఇంగ్లీషు వాళ్ళకి ఊరు అమ్మేసి వెళ్ళిపోయారు. దగ్గర్లోనే మాసిలామణి నాథర్ గుడి. అందులో చాలా భాగాన్ని సముద్రం తినేసింది. పిల్లలకి ఇసకా ఉంది, అడగడానికి ప్రశ్నలూ ఉన్నాయి.

ఆ కోటకి చోటిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. ఏలింది తమిళ సీమని, 'వాల్మీకి చరిత్రము' రాసింది తెలుగులో. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగుతో పెరిగిన మాలాంటి వాళ్ళకి ఈ సంగతి ఏ పాఠంలోనూ రాలేదు. మన పిల్లలకైనా ఆ గోడల దగ్గర నిలబెట్టి చెబితే మనసులో నాటుకుంటుంది.

"మనవాళ్ళే ఏలారు" అని గొప్పలు పోవడానికి కాదు. ఆ నాయకుల రాజ్యం 1673లోనే పోయింది. ఊరి భాషని గౌరవిస్తూ ఇంటి భాషని నిలుపుకోవడం మనతో మొదలైంది కాదని చెప్పడానికి. దాన్ని మనతో ఆగిపోనివ్వకూడదు. కనీసం ఆ ప్రయాణం రెండు రోజులూ పిల్లలతో తెలుగులోనే మాట్లాడదాం.