పొట్లానికి పనికిరాని కాగితం

పోయిన ఎండాకాలం వింజమూరులో ఒక పాత మిద్దె ఇల్లు పడగొడుతున్నారంటే వెళ్ళాం. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు బళ్ళో సైన్సు అయ్యవారు. మద్రాసు వెళ్ళినప్పుడల్లా మూర్ మార్కెట్లో దూరి పాత పుస్తకాల మూట కట్టుకొచ్చేవాడట. మనవలు ట్రంకుపెట్టెలు రెండూ పాత కాగితాలు కొనేవాడి ముందు బోర్లించారు. మేం వెళ్ళేసరికి తూకం అయిపోయింది. ఒక లావుపాటి ఇంగ్లీషు సంపుటం మాత్రం పక్కన పడేసి ఉంది. ఎందుకు తీసుకోలేదని అడిగితే అతను ఒక పుట కొస మడిచి చూపించాడు. అప్పడంలాగా విరిగింది. "పొట్లానికి పనికిరాదు సార్, ఊరికే తీసుకుపోండి" అన్నాడు.

అది 'సైంటిఫిక్ అమెరికన్', 1883 జనవరి నుంచి జూన్ వరకు. వారానికి 16 పెద్ద పుటలు, ఏడాది చందా మూడు డాలర్ల ఇరవై సెంట్లు. 1845లో మొదలైన ఆ పత్రికకు అప్పటికే నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. న్యూయార్కు పెర్ల్ వీధిలో ఎడిసన్ విద్యుత్కేంద్రం మొదలై నాలుగు నెలలైన రోజులవి. పుట తిప్పితే డైనమోలు, ఆవిరియంత్రాలు, సిరా తయారీ, తుప్పు వదిలించే ఉపాయాలు, పాఠకుల ప్రశ్నలకు జవాబులు. నడిపిన మన్ కంపెనీకి పేటెంట్లు ఇప్పించే వ్యాపారం కూడా ఉండేది కాబట్టి ప్రతి సంచికలోనూ ఆ వారం పేటెంట్ల జాబితా.

కాగితం ఎందుకు విరుగుతుందో ఈ సేకరణ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. పాతకాలం కాగితం గుడ్డపేలికలు నానబెట్టి దంచి చేసింది. పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి పత్రికల గిరాకీకి పేలికలు చాలక చెక్కగుజ్జు కలిపారు. సిరా ఊరకుండా పటికా రోజనం పట్టించారు. ఆ పటిక తెచ్చిన ఆమ్లమే లోపల్లోపల నారను తినేస్తుంది. అందుకే 1840ల సంచిక ఇవాళ్టికీ వేళ్ళ మధ్య ఆడుతుంది, దాని మనవడి వయసున్న 1890ల సంచిక పొడి రాలుతుంది. ముసలివాడు గట్టిగా ఉండి కుర్రవాడు మంచం పట్టిన ఇల్లులాంటిది ఈ పాత పత్రికల బీరువా.

ఆ సంపుటంలో రెండు పుటల మేర పరుచుకున్న ఒక యంత్రం బొమ్మ ఉంది. ఫోటోలు అచ్చువేసే పద్ధతి ఇంకా స్థిరపడని రోజులు. చెక్కమీద సన్నటి ఉలితో గీత గీతా తవ్వి, దాన్నే అచ్చుకు ఎక్కించేవారు. ఉదయగిరి వెళ్ళినప్పుడు చెక్క చెంచాలు చేసే ఒకావిడకు ఆ బొమ్మ చూపించాం. యంత్రాన్ని ఆవిడ పట్టించుకోలేదు. పుటను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, మాకు ఇన్నాళ్ళూ కనపడని వెంట్రుకంత తెల్లగీతను గోటితో చూపించింది. "ఒక్క చెక్క కాదు సార్ ఇది. ముక్కలు అతికిచ్చుండారు." నిజమే. ఆ పనికి వాడే బాక్స్‌వుడ్ చెట్టు మాను సన్నం, పెద్ద పలక రాదు. చిన్న చిన్న దిమ్మెలు బోల్టులతో బిగించి పెద్ద బొమ్మ చేసేవారు. దిమ్మెలు విడదీసి ఒక్కొక్కటి ఒక్కో చెక్కుడుపనివాడికి ఇస్తే వారపత్రిక గడువుకు అందేది. మేం పుస్తకంలో చదివి తెలుసుకున్నది ఆవిడ చేతితో తెలుసుకుంది.

ఇంత చెప్పి ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఈ సంపుటం అరుదైనదేమీ కాదు. లోకంలో చాలా గ్రంథాలయాల్లో ఉంది, స్కాన్లూ ఉన్నాయి. పాత శాస్త్ర పత్రికల్లో నిజంగా అరుదైనది మధ్యలోని సరుకు కాదు, పైతొడుగు. చాలా పత్రికలు ప్రకటనల పుటలను బయటి అట్టతో కలిపి విడిగా వేసేవి. ఏడాది చివర బైండింగుకు ఇస్తే బైండరు వాటిని కోసి అవతల పారేసేవాడు. దుర్భిణీ ఎంతకు అమ్మారు, ఏ మందును శాస్త్రం పేరు చెప్పి అంటగట్టారు, చందాదారుణ్ణి ఏమని బతిమాలారు, అవన్నీ ఆ కత్తికింద పోయాయి. బొమ్మలు చించి చట్రాలు కట్టించి అమ్మే వ్యాపారులు తర్వాత వచ్చి మిగిలింది పాడుచేశారు. అట్టతో సహా ఉన్న ఒక్క చిరుగు సంచిక, బంగారు గీతల బైండు సంపుటం కంటే మా లెక్కన విలువైంది.

అమెరికా సరుకు వింజమూరుకు ఎందుకూ అంటారేమో. ఆ శతాబ్దపు శాస్త్రం మన పొరుగునే నడిచింది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి ఖగోళవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి వర్ణపట దర్శిని బిగించాడు. గ్రహణం విడిచాక కూడా సూర్యుడి అంచున లేచే జ్వాలలను చూసే దారి అక్కడే కనిపెట్టాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ బందరులో కూర్చున్నాడు, చింతామణి రఘునాథాచార్యులు వనపర్తి వెళ్ళారు. గ్రహణం లేకుండానే అదే పని లండన్లో నార్మన్ లాకియర్ చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు అందాయని ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం పోయించారు. ఆ లాకియరే మరుసటి ఏడాది, 1869 నవంబరు 4న, 'నేచర్' మొదలుపెట్టి యాభై ఏళ్ళు సంపాదకత్వం వహించాడు. రఘునాథాచార్యులు 1874 శుక్రగ్రహ సంక్రమణం గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాశారు. పంచాంగాలు కట్టే కుటుంబం నుంచి వచ్చినాయన.

తెలుగులో ఆ శతాబ్దంలో శాస్త్రానికంటూ పేరున్న పత్రికను వెతికితే చేతికి తగలదు. శాస్త్రం ఇతర పత్రికల మడతల్లో, బడిపుస్తకాల్లో దాక్కుని ఉంది. మద్రాసులో స్కూల్‌బుక్ సొసైటీ వారి 'జనవినోదిని' ఉంది. 1874లో 'వివేకవర్ధని' పెట్టిన వీరేశలింగం జ్యోతిశ్శాస్త్రం, శరీరశాస్త్రం, జంతువుల స్వభావం మీద కూడా పుస్తకాలు రాశారు. ఆయన నాటకాల గురించి మాట్లాడేవాళ్ళలో పదోవంతు మంది కూడా వీటి పేరెత్తరు. శాస్త్ర పుస్తకాలు కూడా అచ్చువేసిన విజ్ఞానచంద్రికా మండలి వచ్చింది 1906లో. అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో తెలుగు వాక్యం ఆక్సిజన్ని, గుండెకాయని, తోకచుక్కని ఎలా మోసిందో చూడాలంటే ఆ చెల్లాచెదురు పుటలే దిక్కు.

వాటిని మనం ఎలా చూశాం? మన నెల్లూరులో 1885లో పూండ్ల రామకృష్ణయ్య 'అముద్రిత గ్రంథ చింతామణి' పెట్టి అచ్చుకెక్కని కావ్యాలు అచ్చువేశారు. దాని సంచిక దొరికితే కళ్ళకద్దుకుంటాం, అద్దుకోవలసిందే. అదే పెట్టెలో ఊపిరితిత్తుల బొమ్మ ఉన్న చిరుగు పుట కనిపిస్తే పక్కకు తోసేస్తాం. మీరు చదువుతున్న ఈ పత్రిక కూడా అంతే చేసింది. పదేళ్ళుగా పాత సంచికలు పంపమని పాఠకులను అడుగుతూ, కవితలు, కథలు, విమర్శ అని విడమరిచి రాశాం. శాస్త్రం అనే మాట ఒక్కసారీ రాయలేదు. ఆ అయ్యవారి మనవలను ఏమనగలం?

మళ్ళీ ఆ పెట్టెల దగ్గరికి వస్తాం. సంపుటం చేతికి ఇస్తూ ఆ తూకం మనిషే చెప్పాడు, అడుగున తెలుగువి కూడా చాలా ఉన్నాయని, బొమ్మలున్నవి, విడి కాగితాలని. వాటి కాగితం మెత్తన, మడత పడుతుంది. అందుకని ముందురోజే పచారీ కొట్టుకు పోయాయి. ఇంగ్లీషుది విరిగిపోతుంది గనక బతికింది.

కొట్టుకు పరుగెత్తాం. కొట్టాయన పాపం ఓపికగా మూట అంతా వెతికి, మిగిలినవి ఇవేనని రెండు పొట్లాలు చేతిలో పెట్టాడు. సరుకుకు డబ్బిచ్చి అక్కడే విప్పాం. ఒకటి ఏదో లెక్కల పుస్తకం. రెండోదాంట్లో కంటి బొమ్మ సగం ఉంది. కనుపాప నుంచి మూడు గీతలు బయలుదేరి, చిరిగిన అంచు దగ్గర ఆగిపోయాయి. కింద నాలుగు వరుసల తెలుగు, బండి 'ఱ'లతో, అరసున్నలతో. పత్రిక పేరు లేదు, సంవత్సరం లేదు. వస కొమ్ము వేసి అట్టపెట్టెలో పెట్టాం. జీలకర్ర వాసన ఇంకా పోలేదు.