ఖిద్మత్‌కు వెళ్దాం, కాని పసిబిడ్డతోనా?

సేవాభావం మంచిదే. డాక్టరో, నర్సో అయిన తల్లి కొయ్యూరు కొండల్లో పెట్టే వైద్యశిబిరానికో, ఆఫ్రికాలోని ఏదైనా దేశానికో స్వచ్ఛందంగా వెళ్తానంటే ఎవరు కాదంటారు? అయితే చంకలో రెండేళ్ల బిడ్డ ఉంటే ఏం చేయాలి? "వాణ్ణి కూడా తీసుకెళ్తాం, పేదల కష్టం చిన్నప్పుడే చూస్తాడు" అనే తల్లిదండ్రులు నేడు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. వారి ఉద్దేశం గొప్పదే. కాని ఉద్దేశం ఒక్కటే దోమను ఆపదు.

1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన చోటుగా కొయ్యూరు మనందరికీ తెలుసు. 2022 నుంచి ఆ ఊరు ఆయన పేరు పెట్టిన జిల్లాలోనే ఉంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. నూరేళ్లు దాటిపోయినా ఆ జ్వరం మన్యాన్ని పూర్తిగా వదలలేదు. అందులో ఫాల్సిపారం రకం ప్రమాదకరమైనది, ఆలస్యమైతే మెదడుకు సోకుతుంది. పెద్దవాళ్లు తట్టుకోగలిగిన జ్వరమే పసివాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఆఫ్రికాలో మలేరియా మరణాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఐదేళ్లలోపు పిల్లలవే. ఫాల్సిపారం ఉన్నచోటికి పసిపిల్లలను తీసుకెళ్లవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రులకు సలహా ఇచ్చింది.

ఇంకొక సంగతి. రోడ్డు లేని గూడేల నుంచి రోగిని డోలీ కట్టి మోసుకొచ్చే ప్రాంతమది. సాయం చేయడానికి వెళ్లినవారి బిడ్డే జబ్బుపడితే ఉన్న ఒక్క జీపూ, ఉన్న ఒక్క మంచమూ ఆ బిడ్డకే పోతాయి. అప్పుడు సేవ చేసినట్టా, చేయించుకున్నట్టా?

అలాగని తల్లులను ఇంట్లో కూర్చోబెట్టాలన్నది మా అభిప్రాయం కాదు. బిడ్డను నానమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో వదిలి పది రోజులు వెళ్లిరావచ్చు. ఈసారి తండ్రి బిడ్డను చూసుకుంటే తల్లి వెళ్లవచ్చు. పాలు తాగే బిడ్డ అయితే ఒకటి రెండేళ్లు ఆగవచ్చు. శిబిరాలు ఎక్కడికీ పోవు. తప్పనిసరిగా వెంట తీసుకెళ్లాల్సి వస్తే ముందే పిల్లల డాక్టరును కలవండి. నివారణ మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఆయనే చెప్పాలి. మందు పూసిన దోమతెర మరవద్దు. పచ్చజ్వరం టీకా అడిగే దేశమైతే, ఆ టీకా మామూలుగా తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు, వేసిన పది రోజులకు గాని సర్టిఫికెట్ చెల్లదు. తిరిగొచ్చాక మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా అదేరోజు రక్తపరీక్ష చేయించి, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి. బిడ్డ మన దగ్గర ఉన్న అమానత్. మన ఉత్సాహానికి మూల్యం బిడ్డ చెల్లించకూడదు.

చివరగా ఒక మాట. మన బిడ్డను పది రోజులు ఉంచడానికి భయపడే చోట కొండ తల్లులు తమ పిల్లలను ఏడాది పొడవునా పెంచుతున్నారు. "వాళ్లకు అలవాటే" అనడం అన్యాయం. పదే పదే జ్వరాలు పడ్డాక గాని ఒంటికి కొంత శక్తి రాదు. ఆ లోపల పోయేది పసిపిల్లలే. కాబట్టి మన భయం మన గడప దగ్గరే ఆగిపోకూడదు. గూడేనికి దోమతెరలు అందాయా, వానలకు ముందు మందు చల్లారా, జ్వరం పరీక్ష చేసే మనిషి ఊళ్లో ఉన్నాడా అని అడిగేవారు కావాలి. వారానికో రోజు మందులిచ్చి వచ్చే శిబిరం కంటే ఈ అడగడమే ఎక్కువ మంది బిడ్డలను కాపాడుతుంది. దానికి పసివాణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కనక్కర లేదు.