వంటయింటి తెలుగు

మార్గశిర పుష్యమాసములలో మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి అనేక గృహములలో ఒక దృశ్యము కనబడును. రాగి కోతలయిన పిమ్మట చేలలో సాళ్ళుగా నిలిచిన అనప కాపునకు వచ్చియుండును. పచ్చి కాయలను ఒలిచి, గింజలను రాత్రి నీళ్ళలో నానవేసి, మరునాడు ఇంటిల్లిపాది గిన్నె చుట్టును కూర్చుండి, ఒక్కొక్క గింజను బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను నొక్కి తోలు విడిపించుదురు. లోపలి పప్పు చటుక్కున జారి గిన్నెలో పడును. ఒక్కరే కూర్చున్నచో ఇది పూటంతయు పట్టు పని. నలుగురు చేరినచో మాటలలోనే ముగియును. కావుననే పొరుగింటి అత్తయు, ఎదురింటి పెద్దమ్మయు పిలువకయే వచ్చి కూర్చుందురు. చేతులు గింజల మీదను, మాటలు వంటల మీదను నడచుచుండును. “మీరు పులుసు పోస్తారా వదినా, టమాటా వేస్తారా?” అని ఒకరు, “కొబ్బరి వేయించి నూరాలా, పచ్చిదే నూరాలా?” అని మరియొకరు. ఆ సాయంకాలము ఒక యింటి వంట మూడిండ్లకు చేరును.

ఈ పప్పును మనము పితికిన పప్పు అందుము. కన్నడిగులు హితకిద బేళె అందురు. తమిళులు పిదుక్కు పరుప్పు అందురు. మూడు మాటలును ఒక్క ధాతువు నుండి పుట్టినవే. ఆవును పితుకుట అనునప్పుడు మనము వాడునదియు ఆ ధాతువే. మన పాలు కన్నడమున హాలు అయినట్లు, పులి హులి అయినట్లు, పదము మొదట నున్న పకారము అచ్చట హకారముగా మారినది. ఈ సంగతిని వ్యాకరణ పుస్తకమున చదివిన విద్యార్థి పరీక్ష కాగానే మరచిపోవచ్చును. అనపగింజల గిన్నె యొద్ద తెలిసికొన్నవాడు మాత్రము మరువడు.

నేను చెప్పదలచిన విషయము ఇదియే. మన బిడ్డలకు తెలుగు నేర్పు పాఠశాలలు రెండు కలవు. ఒకటి ఈ బడి; రెండవది వంటయిల్లు. మొదటిదానిని గూర్చి మనము సభలలో మాటలాడుచున్నాము. రెండవదానిని గూర్చి తలచుట లేదు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. 2006లో తమిళనాట చేయబడిన చట్టముచే తమిళము మొదటి తరగతి నుండి క్రమముగా నిర్బంధ పాఠ్యభాష యయినది. తమిళము నేర్చుట మనకు నష్టమని నేననను. ఉన్న ఊరి భాష రానివాడు సంతలో మూగవాడే. అంగడిలో తమిళము, సరిహద్దు దాటిన కన్నడము, ఉద్యోగమునకు ఆంగ్లము కావలసియే యుండును. ఇన్ని భాషలు తమ తమ చోట్లు తీసికొనగా తెలుగునకు నిశ్చింతగా మిగిలిన చోటు వంటయిల్లు. “అది వట్టి వంటయింటి భాష” యని కొందరు చులకన చేయుదురు. నా యభిప్రాయము వేరు. వంటయింట పలుకబడుచున్నంత కాలము భాషకు ప్రాణమున్నట్లే. అచ్చటి నుండి వెడలిపోయిన భాషను బడి యొక్కటియే నిలుపజాలదు. తల్లి నోటి మాటను బిడ్డకు చేర్చు పనిని ఏ చట్టమును చేయలేదు.

ఆ భాష యెంత సూక్ష్మమయినదో చూడుడు. ఎండు మిరపకాయలను రోకలితో దంచుదురు. పచ్చడిని నూరుదురు. నానిన మినుములను పొత్రముతో రుబ్బుదురు. రాగులను తిరుగలిలో విసరుదురు. పనులు నాలుగు, క్రియలు నాలుగు. ఒకదానికి బదులు మరియొకటి వాడినచో తెలుగు వచ్చినవారు నవ్వుదురు. నేడు మిక్సీ వచ్చినది. దంచుట, నూరుట, రుబ్బుట యనునవి మరుగుపడి, మిక్సీలో వేయుట యొక్కటి మిగులుచున్నది. యంత్రమును నేను నిందింపను. మన తల్లుల భుజముల నొప్పిని తగ్గించిన వస్తువును నిందించుట కృతఘ్నత. యంత్రము పనిని మాత్రమే తీసికొన్నది. మాటను విడిచినది మనము.

కొలతల సంగతియు నిట్టిదే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక యని పూర్వులు లెక్క పెట్టెడివారు. “సోలెడు బియ్యానికి చారెడు పప్పు” అని అవ్వ చెప్పినప్పుడు, ఆ సోల యెంతయో, చారెడన నెంతయో తెలియని మనుమరాలు తల యూపి ఊరకుండును. ఆ వంట ఆ తరముతోనే ఆగిపోవును.

“వంటలు కావలసినచో సెల్‌ఫోనులో వేలకొలది దొరకును, వ్రాసికొనుట యెందుకు?” అని కొందరడుగుదురు. ఫోనులో వంట దొరకును గాని మీ యింటి వంట దొరకదు. మీ అవ్వ సంగటి చేయునప్పుడు ఉడుకుచున్న నూకల మీద రాగిపిండిని కుప్పగా పోసి, కలియబెట్టక, కొంతసేపు మూతపెట్టి యుంచును. పిండి ఆవిరికి మగ్గిన పిమ్మటనే తెడ్డుతో గెలుకును. ముందే కలిపినచో ఉండలు కట్టునని ఆమెకు తెలియును. ఎసరు ఏ పాటి పొంగినప్పుడు పిండి పోయవలెనో, మూత ఎంతసేపు ఉంచవలెనో ఆమె కంటికిని చేతికిని తెలిసినంతగా ఏ తెర మీదను కనబడదు. అడిగి, చూచి, వ్రాసికొన్నచో మాత్రమే అది మనది యగును.

వ్రాసినందున ఏమగునో తెలియుటకు మాలతీ చందూర్ గారి కృషి చాలును. ఆమె మద్రాసులో నివసించుచు ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను ఏండ్ల తరబడి నడపిరి. ఆమె ‘వంటలు - పిండివంటలు’ అను గ్రంథము అనేక ముద్రణములు పొందినది. ఆమె 2013లో చెన్నైలోనే కాలధర్మము నొందిరి. తమిళనాట నివసించిన గృహిణి కలము తెలుగునాటి ఇండ్లకు వంట నేర్పినది. తెలుగునాటికి వెలుపల నున్నవారు తెలుగునకు ఏమి చేయగలరని నిట్టూర్చువారికి ఇంతకంటె సమాధానము వలదు. అయినను ఒక్క పుస్తకము అన్ని ఊళ్ళ వంటలను మోయజాలదు. మన ఊరి వంటలను మనమే వ్రాయవలెను.

అయితే రెండు విషయములలో మన పాత యలవాట్లు మారవలసి యున్నవి. మొదటిది, వంట ఆడుపిల్లల పనియే యను భావము. నలపాకము, భీమపాకము అని పొగడుచునే మగపిల్లవానిని వంటయింటి గడప దాటనీయకుండుట వింత గదా! ఆ నలుడును భీముడును పురుషులే. గింజలు పితుకుటకు మగపిల్లల వ్రేళ్ళును పనికివచ్చును. రెండవది యింకను బరువయినది. పూర్వము మన వంటయిండ్లు అందరికిని తెరచి యుండలేదు. కులము పేర కొందరిని గడప వెలుపలనే నిలిపిన చరిత్ర మనకు గలదు. ఆ జాడ లింకను పూర్తిగా చెరిగిపోలేదు. 1956లో కామరాజు గారి ప్రభుత్వము బడులలో మధ్యాహ్న భోజనమును విస్తరింపజేసినది. 1982లో ఎం. జి. రామచంద్రన్ గారు దానిని మరింత పెంపొందించిరి. బడి వరుసలో ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే యన్నము తిను పిల్లలు, ఇంటికి పోగానే వేరువేరు గడపలు చూడరాదు. వంటలు పంచుకొనుట యనగా ఎన్నుకొన్న నలుగురితో పంచుకొనుట కాదు. ఆ నోటుపుస్తకములో అందరి తల్లుల వంటలకును చోటుండవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! పని చిన్నదే. ఒక నోటుపుస్తకము తీసికొనుడు. నెలకు ఒక వంట చాలును. మీ యమ్మనో, అవ్వనో, పొరుగింటి అత్తనో అడిగి, ఆమె వంట చేయుచుండగా ప్రక్కన నిలుచుండి వ్రాయుడు. ఆమె తిరగమోత అన్నచో తిరగమోత అనియే వ్రాయుడు. పుస్తకములో పోపు అని యున్నదని దిద్దకుడు. ఓళిగలు అన్నచో బొబ్బట్లుగా మార్చకుడు. ఆమె సోలెడు అన్నచో ఆ సోల నిండ నీరు నింపి, లీటరు కొలతపాత్రలో పోసి, ఎన్ని మిల్లీలీటర్లో ప్రక్కన వ్రాసికొనుడు. ఆమె మాట నిలుచును. మీకు లెక్కయు తెలియును. చివర ఆ వంట ఎవరు చెప్పిరో, వారికి ఎవరు నేర్పిరో వ్రాయుడు. నెలకొక శనివారము తరగతిలో వానిని చదువుకొనవచ్చును. మంచివానిని ఈ పత్రికకు పంపవచ్చును. తల్లులు వచ్చి, తమ మాటలు అచ్చులో చూచుకొనునాడు, ఈ బడి తమదే యను నమ్మకము వారికి దృఢపడును.

తల్లిదండ్రులకు ఒక మనవి. “చదువుకో, వంటయింటిలో నీకేమి పని?” అని పిల్లలను పంపివేయకుడు. గడియసేపు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చేయుచున్న పని పేరు పైకి చెప్పుచు చేయుడు. అది వారి చదువునకు అడ్డము కాదు. పొరుగు భాషలవారు వచ్చినచో వారిని గూడ కూర్చుండబెట్టుకొనుడు. పొరుగింటి గిన్నెను ఉత్తగా తిరిగి పంపరాదని మన పెద్దల యాచారము. కన్నడిగుల యొద్ద బిసిబేళె బాత్ నేర్చుకొన్నవారము పితికిన పప్పు నేర్పి పంపవలెను. ఇచ్చుటకు మనయొద్ద ఏదియు లేని నాడు పుచ్చుకొనుటయు మనకు శోభింపదు.

అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. అన్నము మాట యెట్లున్నను, మాటల విషయమున ఇది నిజము. అవ్వల నోళ్ళలో ఇంకను ఎన్నో మాటలున్నవి. అడిగినచో సంతోషముతో చెప్పుదురు. ఈ యేటి అనపకాయలు అయిపోకమునుపే అడుగుడు.