మిరప వేస్తే ఆశపోతా?

వరి పండిస్తే అన్నదాత అంటారు. మిరప వేస్తే ఆశపోతు అంటారు. పల్నాడులో మిరప కల్లాల పక్కన పెరిగినదాన్ని, ధర పడిపోయిన ప్రతి ఏడాదీ ఈ మాట వింటూనే ఉన్నాను. "తిండిగింజలు వేసుకోక డబ్బుపంటకు పోయారు, అనుభవిస్తున్నారు" అని.

బస్తా జొన్నలు ఇస్తే కాలేజీ వాళ్ళు ఫీజు కింద జమ వేసుకుంటారా? ఆసుపత్రిలో కందులు కొలిచి ఇస్తే మందులిస్తారా? ఇంటికి సరిపడా పండించుకుని కూర్చునే రోజులు మా తాతలతోనే పోయాయి. అమ్మకానికి పండించక తప్పని బతుకును దురాశ అంటే కడుపు మండుతుంది.

ఆ పంట ఎలా వస్తుందో ఒక్కసారి వచ్చి చూడండి. కాయంతా ఒకేసారి పండదు, విడతలుగా కోయాలి. కోసింది కల్లంలో పరచాలి, రాత్రి మంచుకు తడవకుండా పట్టాలు కప్పాలి, పొద్దున్నే తీసి తిరగెయ్యాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది. మరీ ఎండితే కాయ చిట్లి గింజ రాలుతుంది. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించి, ఇంకో ఎండ చాలు అని చెప్పేస్తుంది మా అమ్మ. ఆ తర్వాత తాలుకాయ ఏరడం. తెల్లబారిందీ మచ్చపడిందీ వేరుచేస్తూ రోజంతా ఆ ఘాటులో కూర్చున్న ఆడవాళ్ళకు రాత్రి వేళ్ళు మండి నిద్ర పట్టదు. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, సంతోషం. ఈ వేళ్ళకు ఏ గుర్తింపూ లేదు.

2021లో నల్ల తామర పురుగు పూతలో చేరింది. ఎన్ని మందులు కొట్టినా లొంగక, చేలకు చేలు దున్నేశారు. అంతకుముందు 2017లో క్వింటా మూడు వేల చుట్టుపక్కలకు దిగజారింది. ఖమ్మం మార్కెట్లో తిరగబడ్డ రైతులను బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్ళారు. అప్పుడు కేంద్రం క్వింటాకు 5,000 రూపాయల ధర ప్రకటించింది. 2025లో మళ్ళీ ధర కూలాక 11,781 అంది. రెండుసార్లూ మేం రోడ్డెక్కాకే. 22 పంటలకు ఏటా మద్దతు ధర ఉంది, ఆ జాబితాలో మిరప లేదు. నారు పోసేనాడే మాకూ ఒక ధర తెలియాలని అడగడం గొంతెమ్మ కోరికా? కౌలు రైతు గోడు చెప్పనే అక్కర్లేదు. పెట్టుబడి వ్యాపారి దగ్గర తెచ్చుకుంటాడు, సరుకు ఆ కొట్టుకే తోలతాడు, ఇక బేరమాడే నోరెక్కడిది?

మీ ఆవకాయలో ఎరుపు మా పొలానిది. అది అన్నంలోకి కాదా? మమ్మల్ని అన్నదాతల వరస నుంచి ఎందుకు తప్పించారు?

మార్కెట్ యార్డులో మిరప టిక్కీల, అంటే బస్తాల పక్కనే దుప్పటి పరుచుకుని రాత్రంతా కాపలా పడుకుంటాడు మా నాన్న. తెల్లారాక వ్యాపారులు సంచిలోంచి గుప్పెడు కాయ తీసి చూస్తారు. ధర చెప్పి, పక్క రాశి దగ్గరికి వెళ్ళిపోతారు.