ముద్ర సర్కారుది, నష్టం ఎవరిది?

నిజాంసాగర్ కాలువల కింద నారు పోసే రోజులొస్తే బాన్సువాడ దుకాణాల ముందు విత్తన బస్తాలు పేర్చుతారు. కొనేవాడు ముందు రేటు చూస్తాడు, తర్వాత ముద్ర చూస్తాడు. ముద్ర ఉంటే సర్కారు జామీనున్నట్టేనని మనోళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్నే అమ్ముకుని బతికేవాళ్లున్నారు. అందుకే ఆ ముద్ర ఎవరిదో, ఎవరు వాడొచ్చో కూలి సంఘాల కార్యకర్తలకు తెలిసుండాలి.

2014లో తెలంగాణ చిహ్నం గీసింది చిత్రకారుడు లక్ష్మణ్ ఏలె. అయితే సర్కారు కోసం చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైటు చట్టం ప్రకారం మొదటి హక్కుదారు సర్కారే. ఆ హక్కు 60 ఏండ్లు. 1950 నాటి చిహ్నాల చట్టం కేంద్రం, రాష్ట్రాలు, వాటి శాఖల ముద్రలను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దంటుంది. అలాంటి ముద్రను ఏ షావుకారీ తన ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకోలేడు. మూడు సింహాల బొమ్మకైతే 2005లో వేరే చట్టమే చేశారు. దానికి రెండేండ్ల దాకా జైలు.

మరి మన కరపత్రం సంగతేంది? విమర్శించినందుకు ఈ చట్టాలు పట్టవు. కాని చూసినవాడికి ఇది సర్కారు కాగితమేనన్న భ్రమ కలిగేలా సింహాలు వేస్తే చిక్కే. తెలంగాణ చిహ్నంలోనూ ఆ సింహాలున్నాయి, మరువొద్దు. గెజిట్‌లో అచ్చయిన మాటను మాత్రం నిర్భయంగా తిరిగి అచ్చేసుకోవచ్చు. కాపీరైటు అడ్డం రాదు.

ఇప్పుడు బస్తా దగ్గరికి వద్దాం. నీలం చీటీ ఉన్నది ధ్రువీకరించిన విత్తనం. అంటే సర్కారు సంస్థ చేనులో చూసి, పరీక్ష చేసి ఇచ్చింది. వరికైతే నూటికి 80 గింజలు మొలవాలి. ఆకుపచ్చ చీటీ కంపెనీ తన మాట మీద తాను కట్టుకున్నది. అది చట్టబద్ధమే, కాని దాని వెనుక సర్కారు పరీక్ష లేదు. రంగు తేడా చెప్పకుండా అమ్మితే అడగాలి. ఇక నీలం చీటీనే దొంగగా అచ్చేస్తే? విచిత్రం చూడండి. సింహాల బొమ్మను సొంత లాభానికి వాడితే జైలు. 1966 విత్తన చట్టం రాసినప్పుడు మాత్రం మొదటి తప్పుకు 500 రూపాయల లోపు జరిమానా చాలనుకున్నారు. బొమ్మ పరువుకున్న విలువ రైతు పంటకు లేకపోయింది. 2024లో చిహ్నం మారుస్తామంటే ఎంత రభస! విత్తన చీటీల కోసం అందులో పావు వంతు అయినా జరగాల్సింది.

ముద్ర అసలుదే అయినా విత్తనం చెడొచ్చు. జాతీయ విత్తన సంస్థ సర్కారుదే. దాని విత్తనాలతో నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరానికి పోతే, విత్తన చట్టం ఉంది గనుక అక్కడికి రావొద్దని సంస్థ వాదించింది. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. కాబట్టి రసీదు, చీటీ, ఖాళీ సంచి, కొంచెం విత్తనం పంట ఇంటికొచ్చేదాకా దాచాలి. కౌలుదారు రసీదు తన పేరునే రాయించుకోవాలి.

అయినా ఆ ఫోరంలో నష్టం అడిగేది విత్తనం కొన్నవాడు. మొలక రాని మడిలో నాటుకు, కలుపుకు, కోతకు పోయిన కూలి దినాలు ఏ రసీదులోనూ ఉండవు. పరిహారం లెక్కగట్టేటప్పుడు ఆ దినాలు కూడా రాయాలని ఈ వానాకాలం ముందే మండల వ్యవసాయాధికారికి ఊరూరి నుంచి అర్జీలు పోవాలి.